గట్టు అవతల తడిసిన ఆకు

ఆ వరి మడికీ మల్బరీ తోటకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు మడిలోకి దిగాల్సినంత సన్నపు గట్టు. ఇవతల మందు పడితేనే వరి దక్కుతుంది. అవతల అదే మందు ఆకుమీద కాస్త చిందినా, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోతాయి. మందు కొట్టాల్సింది మా చెల్లె, డ్రోన్‌తో.

చెల్లెను పెద్దవంగర మండలంలోని ఒక ఊరికి ఇచ్చాం. అక్కడి మహిళా సంఘానికి డ్రోన్ వచ్చినప్పుడు, దాన్ని నడపడం నేర్చుకుంటానని ముందుకొచ్చింది ఆమె ఒక్కతే. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ వరికీ పత్తికీ ఆమే మందు కొడుతుంది. నేనుండేది జనగామలో. గొలుసు పట్టి భూములు కొలవడం నా పని. సర్కారు సర్వేయర్ను కాను. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు, కౌలుకిచ్చేటప్పుడు, ఎన్ని గుంటలో తేల్చుకోవడానికి పిలుస్తారు. బడి చదువు మధ్యలోనే ఆగింది కానీ లెక్కలు ఆగలేదు. ఏ సంగతి విన్నా అందులో అంకె ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటు.

వరి మడి ఒక ముసలామెది. ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది, మేమూ అంతే. మల్బరీ తోట పక్క తండా రైతుది. నాకంటే కొంచెం చిన్నవాడు. ఇంట్లో భార్యతో వాళ్ళ భాష మాట్లాడతాడు, మాతో తెలుగు. పత్తితో విసిగిపోయి మల్బరీ వేశాడు. తోట మధ్యలో రేకుల షెడ్డు కట్టి, అందులో అరలు అరలుగా పురుగులను పెంచుతున్నాడు. అవి గూళ్ళు అల్లాక జనగామ మార్కెట్‌కు తెస్తాడు. తెచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో చాయ తాగి పోతాడు. అట్లా నాకూ అతనితో మాట కలిసింది.

ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో రెండు చేన్లకూ ఒకేసారి ముంచుకొచ్చింది. అవ్వ వరికి సుడిదోమ పట్టింది. ఈ దోమ మొదలు దగ్గర చేరి రసం పీలుస్తుంది. మడి నడుమ ఒకచోట గుండ్రంగా ఎండిపోతుంది. ఆ గుండ్రం రోజురోజుకూ పెరుగుతుంది. పొట్టకొచ్చిన వరి అది. అదే సమయంలో షెడ్డులో పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి చివరి దశకు వచ్చాయి. పురుగు తన బతుకంతా తినే ఆకులో ఎక్కువ భాగం ఈ చివరి దినాల్లోనే తింటుంది. ఒక పూట ఆకు తప్పితే గూడు పలచబడుతుంది. విషం తగిలితే గూడే ఉండదు. అతని తోటలో ఉన్న ఆకు అప్పటికి సరిగ్గా సరిపోయేంతే. మిగులు లేదు.

తోట పెట్టిన మొదట్లోనే అవ్వకూ ఆ రైతుకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. గట్టు పక్కన మందు కొట్టాల్సి వస్తే, ముందు డ్రోన్‌లో వట్టి నీళ్ళు పోసి ఒక సాలు, అంటే ఒక వరుస, తిప్పాలి. ఆ రైతు తోటలో నిలబడి చూస్తాడు. ఆకు తడవకపోతేనే మందు. ఊళ్ళో దీన్ని నీళ్ళ సాలు అంటారు. రాసుకున్నది కాదు, ఎవరూ తప్పిందీ లేదు.

అవ్వ మడికి మందు కొట్టాల్సిన ముందు రోజు సాయంత్రం నేను చెల్లెకు ఫోన్ చేసి, రేపు పొద్దున ఎగరేయొద్దని చెప్పాను.

ఎందుకు చెప్పానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కొన్నేళ్ళ కింద భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గర ఒక చేను కొలవడానికి పోయాను. చేను పెద్దది, గొలుసుతో తెమలదని శాటిలైట్లతో కొలిచే యంత్రం కిరాయికి తెచ్చారు. పొద్దు వాలేముందు ఒక హద్దురాయి మీద పెట్టి చూశాం. దీపాలు పెట్టే వేళకు అదే రాయి మీద మళ్ళీ పెట్టి చూశాం. రాయి జరిగినట్టు చూపింది. రాయి భూమిలో సగం పాతుకుపోయి ఉంది. కదిలింది రాయి కాదు, మాకూ శాటిలైట్లకూ మధ్య ఉన్నదేదో. అదేమిటో తెలుసుకునేదాకా నాకు మనసు నిలవలేదు. ఫోన్లో దొరికింది చదివాను. అర్థం కానిది పదిసార్లు చదివాను. అట్లా ఆకాశం పైపొరల సంగతీ, అక్కడినుంచి సూర్యుడి సంగతీ తెలిశాయి.

సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తుంటుంది. మన చెట్ల ఆకులు కదిలించే గాలి కాదది. విద్యుత్తు నిండిన సన్నని కణాల ప్రవాహం. సూర్యుడి అయస్కాంత బలాన్ని కొంత తనతో మోసుకొస్తుంది. మామూలు రోజుల్లో సెకనుకు నాలుగు వందల కిలోమీటర్ల చొప్పున వస్తుంది. సూర్యుడు మనకు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం. భాగించి చూస్తే నాలుగు రోజుల పైచిలుకు ప్రయాణం. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే ఆ వేగం రెట్టింపు అవుతుంది, ప్రయాణం సగమవుతుంది. వచ్చేది మనకు ఎంతగా తగులుతుందో మాత్రం ముందే తెలియదు. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల ముందు కాపలాగా ఉంచిన యంత్రాలను అది దాటేటప్పుడే, దాని అయస్కాంత దిశ ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. ఆ దూరాన్ని ఎనిమిది వందలతో భాగిస్తే అరగంట. మనకు దొరికే అసలు కబురు అంతే.

ఆ సాయంత్రం నా ఫోన్లో దిశ దక్షిణానికి తిరిగి కనిపించింది. భూమి అయస్కాంతం తలుపు తెరుచుకునే దిశ అది. డ్రోన్ దారి చూసుకునేదీ శాటిలైట్లతోనే, ఆ అలజడి మర్నాడంతా ఉండొచ్చు. అందుకే ఫోన్ చేశాను.

చెల్లె నవ్వింది. "వాన లేదు, గాలి లేదు, డ్రోన్ మంచిగుంది. నువ్వేమో సూర్యునికి జరమొచ్చింది, ఎగరెయ్యకు అంటున్నవ్. అవ్వకు ఏమని చెప్పాలె?"

అవ్వకు నేనే వచ్చి చెబుతానన్నాను. మర్నాడు పొద్దున్నే తొర్రూరు వైపు బస్సెక్కి చెల్లె ఊరికి వెళ్ళాను.

అవ్వ గట్టు మీదే కూర్చుని ఉంది. మడిలో సుడులు గట్టు మీంచే కనిపిస్తున్నాయి. పచ్చని చీర మీద నిప్పు పడి కాలినట్టున్నాయి. నేను చెప్పిందంతా విని, ఆమె నన్ను కాదు, చెల్లెను చూసింది. "మీ అన్న మంచోడే గాని బిడ్డా, దోమకు గియ్యన్ని తెల్వయి గదా. అది రేపటిదాంక ఆగుతదా?"

చివరకు ఒక్క రోజు ఆగడానికి ఒప్పుకుంది. చెల్లె ముందు రోజు పక్క ఊళ్ళో పత్తికి మందు కొట్టి వచ్చింది. తొట్టి కడిగి సిద్ధంగా పెట్టుకుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఎగరేయకపోతే పోయె, హద్దు నడిచి పెట్టుకుంటానంది. డ్రోన్‌తో మందు కొట్టే ముందు చేసే పని ఇది. రిమోట్ చేతిలో పట్టుకుని గట్ల మీద చేను చుట్టూ నడుస్తారు. మూల మూలకూ ఆగి మీట నొక్కుతారు. రిమోట్ ఆ మూలలను గుర్తుంచుకుంటుంది. ఎగిరేటప్పుడు డ్రోన్ ఆ గీత లోపలే తిరుగుతుంది. అవ్వ ఆ ఏడు తన రెండు మడుల మధ్యగట్టు తీసేయించి ఒకటి చేసింది కాబట్టి పాత గీత పనికిరాదు. ఎట్లాగూ కొత్తది కావాలి.

నేనూ వెనకే నడిచాను. తోట పక్క మూలలో ఒక నల్లరాయి ఉంది. అక్కడే మొదలుపెట్టి, చుట్టూ తిరిగి అక్కడే ముగించాం. రిమోట్ మీద గీత చూస్తే అది ఉపగ్రహం ఫొటోలోని గట్టు మీద కాకుండా కొంచెం పక్కన ఉంది. దాని గురించి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ ఫొటో ఏనాడూ సరిగ్గా కూర్చోదు. ప్రతి చేనులోనూ గట్టు ఒకచోట ఉంటుంది, ఫొటో ఇంకోచోట ఉంటుంది. డ్రోన్ నడిపేవాళ్ళంతా దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. విస్తీర్ణం మాత్రం నేను మునుపు గొలుసుతో కొలిచిన దానికంటే ఐదు గుంటలు ఎక్కువ చూపింది. గట్లు కూడా కలిశాయి కదా, అంత రావచ్చనుకున్నాను. అవ్వకు చెబితే నవ్వింది. "ఎన్నడు పెరగని భూమి గియ్యాల పెరిగిందా. అట్లనే ఉంచుండ్రి, ఎవ్వలకు చెప్పకుండ్రి."

ఆమె నవ్వడం ఆ రెండు రోజుల్లో అదొక్కసారే.

మర్నాటికి ఫోన్లో అంకెలు నెమ్మదించాయి. గాలి వేగం తగ్గింది, దిశ ఉత్తరానికి తిరిగింది. నేను సరేనన్నాను. పొద్దు పొడిచాక చెల్లె మడి ఒడ్డున మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి దాని మీద చిన్న పెట్టె బిగించింది. దాన్ని బేస్ అంటారు. అది కదలకుండా ఒకచోట ఉండి, శాటిలైట్ లెక్కలో తప్పు ఎంతుందో డ్రోన్‌కు చెబుతుంటుంది. అది ఉంటే డ్రోన్ జానెడు కూడా పక్కకు పోదు. తర్వాత తొట్టిలో బావి నీళ్ళు పోసింది. రైతు తోటలోకి పోయి మొదటి వరుస పక్కన నిలబడ్డాడు. అతని భార్య షెడ్డు గుమ్మంలో నిలబడింది.

డ్రోన్ లేచింది. వరి మీద నడుం ఎత్తున ఎగురుతూ, ఆకులను పాయలుగా చీలుస్తూ, నీళ్ళు చిమ్ముకుంటూ తోట వైపు వచ్చింది. గట్టు దగ్గర తిరగాలి. తిరగలేదు. గట్టు దాటింది. మల్బరీ మొదటి వరుస మీదికి, రెండో వరుస మీదికి పోయి అక్కడ తిరిగింది. తిరిగి, వరుస పొడవునా తోట మీదే సాగింది. దాని లెక్కలో అది ఇంకా అవ్వ మడిలోనే ఉంది.

చెల్లె రిమోట్ మీద మీట నొక్కి ఆపేలోపు రెండు వరుసలు మూల నుంచి మూల దాకా తడిశాయి.

డ్రోన్ దిగింది. రెక్కలు ఆగాక గానీ ఎవరమూ కదల్లేదు. రైతు ఒక ఆకు తెంపి రెండు వేళ్ళతో రుద్దాడు, వాసన చూశాడు. నీళ్ళే. కానీ అతని మొహంలో భయం పోలేదు. గట్టు దాకా వచ్చి నిలబడి, చెల్లెను ఒక్కటే అడిగాడు.

"అక్కా, నిన్న మొన్న గీ తొట్టిల ఏం పోసినవ్?"

పత్తి మందని చెల్లె చెప్పింది. తర్వాత తొట్టి మంచిగా కడిగానంది.

"గొట్టాలు కడిగినవా?"

కడిగానంది. కానీ ఆ మాట మొదటి మాటంత గట్టిగా రాలేదు. తొట్టిలో మందు పోయినా, సన్నని గొట్టాల్లోనూ చిమ్మే మూతుల్లోనూ ఎంత మిగులుతుందో ఎవరం చెప్పగలం. వరికీ పత్తికీ ఆ మిగిలింది లెక్కలోకి రాదు. పట్టుపురుగుకు వస్తుంది.

ఆ రెండు వరుసలు అతను ఆ పూట, మర్నాటి పూట కోసం ఉంచుకున్నవి. మిగతా తోటలో ఆకు అప్పటికే కోత అయిపోయి, చిగుళ్ళ దగ్గర ఉంది. తడిసిన ఆకు బాగుంటే పురుగులు గట్టెక్కుతాయి. బాగుండకపోతే, వేసిన పూటే షెడ్డంతా పోతుంది. వేయకపోతే ఆకలితో పలచబడతాయి.

అతను షెడ్డులోకి పోయి ఒక పళ్ళెం తెచ్చాడు. పది పురుగులను ఏరి పళ్ళెంలో వేశాడు. తడిసిన వరుసలో నుంచి ఆకు తెంపి, గుడ్డతో తుడిచి ఆరబెట్టి, వాటి మీద పరిచాడు. పట్టు పెంచేవాళ్ళు అనుమానం వచ్చినప్పుడు చేసేది అదే. షెడ్డు నీడలో పళ్ళెం పెట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా చూద్దామన్నాడు. ఈ లోపల షెడ్డులో పురుగులకు, చిగుళ్ళ దగ్గర మిగిలిన కాస్త ఆకును అతని భార్య చిన్నగా తుంచి పరుస్తూ ఉంది.

పురుగులు తినడం మొదలుపెట్టాయి. ఆకు అంచు నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి కిందికి. మేం ముగ్గురం వాటినే చూస్తూ కూర్చున్నాం.

గట్టు మీదున్న అవ్వకు ఓపిక పోయింది. "నా మడి ఎండుతుంటె మీరు పురుగుల బువ్వ చూసుకుంట కూసుంటరా" అంది. కాసేపటికి ఆమే మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి, పొద్దెక్కితే గాలి లేస్తుంది కదా అని. అదీ నిజమే. గాలి లేస్తే డ్రోన్‌తో మందు కొట్టలేరు. ఆమె వరికి ఆ రోజు కూడా పోతుంది.

చెల్లె లేచి గట్టు మీదికి పోయింది. నేనూ పోయాను. రిమోట్ ముందు పెట్టుకుని చూశాం. బేస్ సరిగ్గా పనిచేస్తోంది. డ్రోన్ గీత దాటలేదు. గీతే గట్టు దాటి ఉంది. నల్లరాయి దగ్గర దగ్గరగా జరిపి చూస్తే ఇంకొకటి కనిపించింది. మేం మొదలుపెట్టిన చుక్క, ముగించిన చుక్క ఒకే రాయి మీద నొక్కినవి. అవి కలవలేదు. వాటి మధ్య నాలుగు బారల ఎడం ఉంది. రిమోట్ ఆ ఎడాన్ని తనే ఒక గీతతో కలిపేసింది. ఐదు గుంటలు పెరిగింది అక్కడే.

"నిన్న బేస్ పెట్టినమా?" అన్నాను.

"ఎగరెయ్యని రోజు బేస్ ఎవలు పెడుతరన్నా. నడిచేటందుకు బేస్ ఎందుకు?"

నిజమే, ఎవరూ పెట్టరు. మామూలు రోజుల్లో బేస్ లేకుండా నడిచినా మూర కంటే పెద్దగా తేడా రాదు. గట్టు వెడల్పు ఆ తేడాను మింగేస్తుంది. ముందు రోజు మామూలు రోజు కాదు. ఆ రోజు ఎగరేస్తే ప్రమాదమని ఆపాం. అదే రోజు గీసిన గీతను నమ్మి, మంచి రోజున ఎగరేశాం.

"ఆగమన్నది నువ్వే" అంది చెల్లె. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

"ఆగమన్న. నడవమనలే."

"ఎంబడి నడిచినవ్ గదా."

ఇద్దరం షెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. రైతు కదల్లేదు.

అట్లా కూర్చుని ఉండగా చెల్లె ఫోన్ తీసి, తనకు ఎవరో పంపిన ఫొటో చూపించింది. లద్దాఖ్ కొండల మీద రాత్రి ఆకాశం ఎర్రగా కాలుతున్నట్టుంది. ఇది ఆ జరమేనా అని అడిగింది. అవునన్నాను. ఎక్కడో ఉత్తరాన ఆకాశం ఎర్రబడితే ఇక్కడ తన రిమోట్‌లో గీత ఎందుకు జరుగుతుందని అడిగింది. ఎదురుచూపు భరించలేక అడిగిందనుకుంటాను. నేనూ అందుకే చెప్పడం మొదలుపెట్టాను.

సూర్యుడి గాలి తెచ్చిన అయస్కాంతం భూమి అయస్కాంతానికి ఎదురు దిశలో ఉంటే రెండూ ముడిపడతాయి. అప్పుడు ఆ గాలి బలం లోపలికి దిగుతుంది. భూమి వెనకవైపు, చీకటి పక్కన, అయస్కాంత గీతలు తోకలా సాగి ఉంటాయి. ఆ బలం అక్కడ పోగవుతుంది. రబ్బరును గుంజినట్టు గుంజి గుంజి ఒక్కసారి విడుస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు ఆ గీతల వెంట ధ్రువాల వైపు జారి, మన గాలి పైపొరల్లోకి దూసుకొస్తాయి. ఆక్సిజన్‌ను కొడతాయి. వంద కిలోమీటర్ల పైన పచ్చని వెలుగు, రెండు వందలు దాటాక ఎర్రని వెలుగు. అరోరా అనేది ఆ దెబ్బల వెలుగే. పచ్చది కింద ఉంటుంది కాబట్టి దూరం నుంచి కనబడదు. ఎర్రది ఎత్తులో ఉంటుంది కాబట్టి లద్దాఖ్ దాకా కనబడుతుంది.

వెలుగు చూసి అందరూ అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం దాని తర్వాత జరిగేదే నిద్ర పట్టనివ్వలేదు. అంత బలం పైనుంచి దిగితే, ఎసరు మరిగినట్టు కిందిది పైకి పొంగుతుంది. కొట్టుకున్న చోట ఎలక్ట్రాన్లు వేడెక్కి పైకి ఉబుకుతాయి. అవి తేలికైనవి. బరువైన ఆక్సిజన్ అయాన్లను తమ వెంట లాగుతాయి. ఆ అయాన్లు పక్కకు ఈడ్వబడి, చుట్టూ ఉన్న గాలితో రాసుకుని ఇంకా వేడెక్కుతాయి. అయస్కాంత గీతలు పైకి పోయే కొద్దీ విప్పారి ఉంటాయి కాబట్టి, వేడెక్కిన అయాన్ను అవి పైకే నెడతాయి. అట్లా పోయిన వాటిలో కొన్ని మళ్ళీ కిందికి రావు. ఎసరు నురగ కిందికి దిగుతుంది కానీ ఇది దిగదు. భూమి గాలిలోంచి కొంత, ఆకాశంలోకి పోతుంది.

"ఒడిసిపోతదా?" అంది చెల్లె.

పోదు. మనకున్న గాలితో పోలిస్తే పోయేది లెక్కలోకి రాదు. కోట్ల ఏళ్ళు పోయినా తరగనంత ఉంది మనకు. అదే చెప్పాను.

"గా గొట్టాలల్ల మందు గుడ లెక్కలకు రాదనుకున్న" అంది చెల్లె షెడ్డు వైపు చూస్తూ.

మన దగ్గర ఏం జరుగుతుందో కూడా చెప్పాను. ధ్రువాల దగ్గర దిగిన బలం అక్కడితో ఆగదు. విద్యుత్తు ఒత్తిడిగా మన దాకా పాకుతుంది. మనకు దక్షిణాన, భూమి అయస్కాంతం నడిగీత పైన, విద్యుత్తు నిండిన గాలి పైపొర ఒకటి పైకి లేచి రెండు పక్కలా ఒలుకుతుంది. మామూలు రోజుల్లో కూడా ఒలుకుతుంది. అటువంటి రోజుల్లో ఎక్కువ తక్కువలు పెరుగుతాయి. శాటిలైట్ నుంచి వచ్చే సంకేతం ఆ పొర గుండా రావాలి. పొర చిక్కబడితే సంకేతం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమంటే, సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఆ ఒక్క ముక్కలో వెలుగు నడిచే దూరం అడుగు. ముక్కలు పెరిగిన కొద్దీ అడుగులు పెరుగుతాయి. మేం గట్టు చుట్టూ నడిచేలోపే ఆ పొర మారుతూ పోయి ఉంటుంది. అందుకే మొదలూ చివరా కలవలేదు.

ఇది ఖాయమని నేను చెప్పలేను. రిమోట్ తప్పు కావచ్చు, దాని మీద చెట్టు నీడ పడి ఉండవచ్చు. ఆ రోజు ఎన్ని రకాలుగా లెక్క వేసినా నాకు ఇదే దగ్గరగా కనిపించింది, అంతే.

పొద్దు నెత్తి మీదికి వస్తుండగా రైతు చేయి ఎత్తి పిలిచాడు. మేం పరిగెత్తలేదు. నడిచే పోయాం. తొందరపడితే ఏదో చెడుతుందన్నట్టు ఉంది.

పళ్ళెంలో ఆరు పురుగులు ఇంకా తింటున్నాయి. ఒకటి తినడం ఆపి తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతోంది. మరొకటి పక్కకు ఒరిగి, నోట్లోంచి పచ్చని నీరు కక్కింది. ఇంకో రెండు కుంచించుకుపోయి పొట్టివయ్యాయి. మేం చూస్తుండగానే తింటున్న ఆరింట్లో ఒకటి తల ఎత్తింది.

రైతు భార్య అతనితో వాళ్ళ భాషలో ఏదో అంది. మాటలు నాకు తెలియవు. అతను తల ఊపి, ఆ పళ్ళెం ఎత్తుకుపోయి తోట అవతల గుంటలో పారబోశాడు. తిరిగొచ్చి కొడవలి తీసుకున్నాడు. తడిసిన రెండు వరుసలూ మొదలంటా కోసేశాడు. చెల్లె తనూ కొడవలి అందుకుంది. అతను వద్దనలేదు, రమ్మనలేదు. కొమ్మలన్నీ అదే గుంటలో పడ్డాయి. కోస్తున్నంతసేపూ చెల్లె ఏడుస్తోందని నేను తర్వాత గానీ గమనించలేదు.

"నీళ్ళ సాలు పెట్టుకున్నం కాబట్టి రెండు వరుసలతోని పోయింది" అన్నాడు అతను చివరకు, కొడవలి తుడుస్తూ. "మందే ఉంటె?"

అవ్వ అప్పటిదాకా గట్టు మీద నిలబడి ఉంది. పురుగులను చూడటానికి రాలేదు. ఇప్పుడు తోటలోకి దిగి, కోసిన వరుసల మొదళ్ళను చూసింది. తన మడి వైపు చూసింది. తర్వాత చెల్లెను పిలిచి, గట్టు పక్క అంత మేర మందు వద్దని చెప్పింది. చేతితో చూపించింది, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని. అక్కడ మడిలో నీళ్ళు తీసేసి, వరిని పాయలు పాయలుగా చీల్చి గాలి ఆడనిస్తే దోమ కొంత తగ్గుతుంది. పాతరోజుల్లో అట్లాగే చేసేవాళ్ళు. పోయినంత పోతుంది.

"గా అంచు దోమకు ఇడిసిన" అంది. "అవుతలి పక్క మాత్రం రేపు కొట్టాలె. నిన్నటి గీత తీసెయ్యి బిడ్డా."

మిగిలింది ఆకు. ఆ సాయంత్రానికి కొమ్మలు రాకపోతే పురుగులు పస్తుంటాయి. మా జనగామ దగ్గర ఒక ఊళ్ళో మల్బరీ తోటలున్నాయి. నేను వాళ్ళ భూములు కొలిచిన వాణ్ణి కాబట్టి ఫోన్ చేయగలిగాను. సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళను చెల్లె వెంట తీసుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని నలుగురం పోయాం. తోట యజమాని ముందే కోసి పెట్టాడు. ఆకు వాడకుండా గోనె సంచులు తడిపి, కొమ్మలు వాటిలో కుక్కి, సంచుల మీద కూర్చునే తిరిగొచ్చాం. దారిలో ఎక్కడా ఆగలేదు. చెల్లె ఒక సంచి మూతి విప్పి ఆకు వాసన చూస్తూనే ఉంది. ఆ తోట పక్కన ఏ చేనుందో, ఆ చేనుకు మందు ఎప్పుడు కొట్టారో, రెండుసార్లు ఫోన్ చేసి అడిగింది.

మేం వచ్చేసరికి ఎండ పసుపుపచ్చబడింది. షెడ్డులోంచి పురుగుల చప్పుడు రావడం లేదు. పొద్దున ఆ చప్పుడు గట్టు మీదికి వినిపించేది. తినడానికేమీ లేక, అరల అంచుల దాకా పాకి తలలు ఎత్తి వెతుకుతున్నాయి. రైతు భార్య వాటిని వేళ్ళతో మెల్లగా లోపలికి జరుపుతూ కూర్చుని ఉంది.

ఆటో ఆగగానే నేను ఒక సంచి భుజానికెత్తుకుని షెడ్డులోకి పోబోయాను. రైతు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఆగన్నా" అన్నాడు.

పొద్దుటి పళ్ళెమే కడిగి తెచ్చాడు. మళ్ళీ పది పురుగులు. మేం తెచ్చిన సంచిలోంచి ఒక కొమ్మ తీసి, ఆకులు తెంపి, తుడిచి, వాటి మీద పరిచాడు. షెడ్డులో అన్ని పురుగులు ఆకలితో తలలు ఎత్తి ఉండగా, ఆ పదింటికి మాత్రం ఆకు దొరికింది. ఎవరి ఆకైనా, ఎక్కడి ఆకైనా, అతను ఇక చూడకుండా వేయడు. మేం గుమ్మం బయట సంచుల పక్కన కూర్చున్నాం. అవ్వ కూడా వచ్చి కూర్చుంది.

ఆ పది పురుగులు ఆకు అంచు అందుకున్నాయి. కిందికి కొరుక్కుంటూ వచ్చి, మళ్ళీ పైకి పోయాయి. అతను రెప్ప వేయకుండా వాటి తలల వంకే చూశాడు. ఒకటి తల ఎత్తింది. అతని భార్య చేయి ఆగింది. ఆ పురుగు పక్క ఆకు మీదికి పాకి, మళ్ళీ తల దించి కొరకడం మొదలుపెట్టింది.

ఎండ గట్టు దాటి పోయేదాకా అట్లాగే చూశాడు. అన్నీ తింటూనే ఉన్నాయి. అప్పుడు లేచి, మొదటి సంచి మూతి తనే విప్పాడు.